గాలికి వంగని మెట్ట: ఎన్నికల గెలుపు, మన కథకుని చూపు

మన కథల్లో ఎన్నిక వచ్చిందంటే తర్వాత ఏం జరుగుతుందో పాఠకునికి ముందే తెలిసిపోతుంది. ఊళ్లోకి జీపు వస్తుంది. అందులోంచి ఖద్దరు చొక్కా దిగి చేతులు జోడిస్తుంది. రాత్రికి సారా, తెల్లవారితే నోటు, మధ్యాహ్నానికి ఓటు, సాయంత్రానికి మోసం. చివర ఒక ముసలివాడు ఆకాశంకేసి చూసి నిట్టూరుస్తాడు. జీపు పోయి పెద్ద కార్లు వచ్చినా, సారా పోయి క్వార్టరు సీసా వచ్చినా, నోటు విలువ పెరిగినా ఈ చట్రం మాత్రం చెక్కుచెదరలేదు. కొత్తగా రాస్తున్న పిల్లలు చూసిపెట్టమని నాకిచ్చే కథల్లో ఇది తరచుగా తగులుతూనే ఉంటుంది.

ఈ చట్రంలో నాకు కనిపించే లోపం శిల్పానికి సంబంధించింది కాదు, దృక్పథానికి సంబంధించింది. కూలి కోసం పోరాడేటప్పుడు, భూమి కోసం నిలబడేటప్పుడు ప్రజల్ని చైతన్యవంతులుగా చిత్రించే రచయితే, వాళ్లు ఓటు వేయడానికి వరుసలో నిలబడేసరికి గొర్రెల మందగా చిత్రిస్తున్నాడు. ఒకే మనిషి సోమవారం చరిత్ర నిర్మాత, మంగళవారం అమాయకుడు ఎలా అవుతాడు? ఎన్నిక గెలవడం ఎంత కష్టమో, ఆ కష్టం ఎక్కడ ఉందో రచయితకు తెలియకపోవడమే ఈ వైరుధ్యానికి కారణమని నా అభిప్రాయం. నోటూ సీసాతోనే పని జరిగేటట్లయితే ఇంత ధనవంతులు ఇన్నిసార్లు ఎందుకు ఓడిపోతున్నారు?

ఈ ప్రశ్నకు నాకు తెలిసిన నేల మీదే జవాబు వెతుకుతాను. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉదయగిరి, ఆత్మకూరు పక్కపక్కనే ఉన్న రెండు శాసనసభ నియోజకవర్గాలు. నెల్లూరు అనగానే బయటివారికి మొలగొలుకుల బియ్యం, పెన్న కాలువలు, రొయ్యల గుంటలు గుర్తుకొస్తాయి. అదంతా తూర్పు. పడమటి నెల్లూరు వేరే దేశం. వెలిగొండల కింద, వాన పడితే నిండి, పడకపోతే బీటలు వారే చెరువుల మీద బతికే ఊళ్లు ఇవి. ఉదయగిరి దుర్గాన్ని కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో పట్టుకున్నాడని పాఠం చెబుతాం. ఇప్పుడు ఆ కొండ కింద ఆడవాళ్లు అడవి కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కి బతుకుతున్నారు. సోమశిల జలాశయం ఆత్మకూరు నియోజకవర్గంలోనే ఉంది. కాని ఆ నీళ్లలో ఎక్కువ భాగం కిందికి, డెల్టాకి పోతాయి. కళ్ల ముందు నీళ్లు పోతుంటే చూసేవాడి రాజకీయం, కాలువ గట్టు మీద కూర్చున్నవాడి రాజకీయం ఒకటిగా ఉండవు.

రాష్ట్రంలో గాలి వీచినప్పుడల్లా ఈ మెట్ట ఏం చేసిందో చూడాలి. 1978లో ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా కాంగ్రెస్ 294 స్థానాల్లో 175 గెలిచింది. ఉదయగిరి జనతా పార్టీ అభ్యర్థి వెంకయ్యనాయుడుని ఎన్నుకుంది. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు నిండలేదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభంజనంలో తెలుగుదేశం రెండు వందలకు పైగా స్థానాలు ఊడ్చుకుపోయింది. ఉదయగిరి మళ్లీ అదే మనిషిని, ఈసారి భారతీయ జనతా పార్టీ గుర్తు మీద పంపింది. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి దక్కినవి మూడే స్థానాలు. 1985లో తెలుగుదేశం మళ్లీ 202 గెలిచింది. అప్పుడు ఆ పార్టీతో పొత్తులో ఉండి, అంటే గాలివాటున ఉండి, వెంకయ్యనాయుడు పక్కనే ఉన్న ఆత్మకూరుకు మారి, కాంగ్రెస్ అభ్యర్థి బొమ్మిరెడ్డి సుందరరామిరెడ్డి చేతిలో ఓడిపోయారు. ఉదయగిరి కూడా ఆ ఏడు కాంగ్రెస్‌కే, మేకపాటి రాజమోహనరెడ్డికే పోయింది. ఇక 1994లో తెలుగుదేశం 216 స్థానాలతో తిరిగి వచ్చినప్పుడు ఆత్మకూరు ఒక స్వతంత్ర అభ్యర్థిని, కొమ్మి లక్ష్మయ్యనాయుడుని గెలిపించింది.

ఇది యాదృచ్ఛికమని కొట్టిపారేయవచ్చు. నేనలా అనుకోను. ఆ ఎన్నికల్లో ఎవరి సిద్ధాంతం గెలిచిందన్నది ఇక్కడ చర్చ కాదు. నాకు ఆ పార్టీ భావాలతో ఏకీభావం లేదు కూడా. కాని 1978 నాటి ఆ యువకుడు వెంకటాచలం వైపు చవటపాళెం వాడు. అంటే దిగువ నుంచి వచ్చినవాడు. ఉదయగిరి తాలూకాలో తరతరాల పెత్తనం ఉన్న కుటుంబం కాదు. జై ఆంధ్ర ఉద్యమంలో విద్యార్థి నాయకుడిగా, ఎమర్జెన్సీలో జైలుకు పోయినవాడిగా పేరుంది, అంతకు మించి మాట ఉంది. అలాంటివాడు రెండుసార్లు గాలికి ఎదురుగా గెలిచి, మూడోసారి గాలివాటున ఉండి కూడా పక్క నియోజకవర్గంలో ఓడిపోవడం ఏం చెబుతోంది? ఉదయగిరిలో పుట్టిన పరపతి ఆత్మకూరు పొలిమేర దాటలేదు. గెలుపు పార్టీకి గాని, మనిషికి గాని అంటుకుని ఉండే గుణం కాదు. అది ఒక మనిషికీ కొన్ని ఊళ్లకూ మధ్య ఏర్పడే సంబంధం. ఆ సంబంధాన్ని మూటగట్టి ఇంకోచోటికి మోసుకుపోవడం కుదరదు. ఆ తర్వాత ఆయన రాజ్యసభ దారిన వెళ్లి కేంద్ర మంత్రి, ఉపరాష్ట్రపతి అయ్యారు గాని, శాసనసభకు మళ్లీ రాలేదు.

ఈ సంబంధం ఎలా పని చేస్తుందో తెలియాలంటే పోలింగు బూత్‌లో ఒక రోజు కూర్చోవాలి. బడిపంతుళ్లకు ఆ అవకాశం ప్రభుత్వమే కల్పిస్తుంది. తెల్లవారకముందే లేచి, ఏజెంట్ల ఎదుట యాభై ఓట్లకు తగ్గకుండా నమూనా పోలింగు జరిపి, వాటిని చెరిపేసి, సీలు వేసి, అసలు పోలింగు మొదలుపెట్టాలి. సాయంత్రం ఎన్ని ఓట్లు పడ్డాయో 17సి ఫారంలో రాసి ఏజెంట్లకు ఇవ్వాలి. ఈ నిబంధనలన్నీ శిక్షణ తరగతిలో చెబుతారు. చెప్పనిది ఒకటి ఉంది. ఎదురుగా బల్ల మీద ఓటరు జాబితా పెట్టుకుని కూర్చున్న ఏజెంటుకు ఊరంతా కంఠతా వచ్చు. లోపలికి వచ్చిన ప్రతి మనిషి పేరు పక్కనా గీత పెడుతూ ఉంటాడు. మధ్యాహ్నం రెండు దాటేసరికి ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో, బెంగుళూరు నుంచి బస్సు ఎక్కారో లేదో, ఏ ఇంట్లో అత్తాకోడళ్ల ఓట్లు చీలుతాయో అతనికి తెలుసు. నాకు తెలిసినంతలో గ్రామ సమాజాన్ని ఇంత సూక్ష్మంగా చదివినవాడు మరొకడు లేడు. మన కథల్లో ఈ ఏజెంటు పాత్రగా కనిపించడు. కనిపిస్తే రౌడీగా కనిపిస్తాడు.

లెక్క కూడా చూద్దాం. ఆత్మకూరు నియోజకవర్గంలో ఓటర్లు రెండు లక్షలకు పైన, బూత్‌లు సుమారు 280. 2024లో అక్కడ తెలుగుదేశం అభ్యర్థి ఆనం రామనారాయణరెడ్డికి 91,165 ఓట్లు, వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ అభ్యర్థి మేకపాటి విక్రమ్‌రెడ్డికి 83,589 ఓట్లు వచ్చాయి. తేడా 7,576. బూత్‌ల మీద పంచితే బూత్‌కు ఇరవై ఏడు. బూత్‌కు పద్నాలుగు మంది ఇటు నుంచి అటు మారితే ఫలితం తలకిందులవుతుంది. పద్నాలుగు మంది అంటే మూడు నాలుగు కుటుంబాలు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎవరూ పలకరించని ఒక కుటుంబం, పింఛను జాబితాలో పేరు ఎక్కని ఒక ముసలమ్మ, కలుజు దగ్గర గట్టు తెగినప్పుడు పొలం మునిగిన ఒక అన్నదమ్ముల ఇల్లు. లక్ష మంది వచ్చిన బహిరంగ సభ కంటే ఈ మూడిళ్లు బరువైనవి. అభ్యర్థికి అసలు కష్టం ఇక్కడుంది. ఆ మూడిళ్లు ఏవో అతనికి ముందుగా తెలియదు.

అదే ఆత్మకూరులో రెండేళ్ల ముందు ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. మంత్రిగా ఉన్న మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరిలో హఠాత్తుగా మరణించారు. జూన్‌లో ఉప ఎన్నిక జరిగింది. తెలుగుదేశం పోటీ పెట్టలేదు. ఆయన తమ్ముడు విక్రమ్‌రెడ్డికి 1,02,241 ఓట్లు వచ్చాయి. భారతీయ జనతా పార్టీ అభ్యర్థికి 19,353. ఆధిక్యం 82,888. ఈ అంకె చూసి ఇక ఆ కోటకు తిరుగులేదన్నవాళ్లు ఉన్నారు. నిజానికి ఆ అంకె గెలిచినవాడి బలాన్ని కొలవలేదు, ఎదుటి కుర్చీ ఖాళీని కొలిచింది. దానికి తోడు చనిపోయిన మనిషి మీద జనానికి ఉన్న అభిమానం కలిసింది. రెండేళ్లు తిరగకుండానే అదే మనిషికి దాదాపు పద్దెనిమిదిన్నర వేల ఓట్లు తగ్గాయి. ఆ ఏడు ఉదయగిరిలో మేకపాటి కుటుంబానికే చెందిన రాజగోపాలరెడ్డి, ఎన్నికల రంగానికి కొత్త అయిన కాకర్ల సురేష్ చేతిలో పదివేల లోపు తేడాతో ఓడిపోయారు. 2019లో అక్కడ ఆ కుటుంబానికే ముప్ఫై ఆరు వేలకు పైగా ఆధిక్యం వచ్చింది. రాష్ట్రమంతా తెలుగుదేశం కూటమి గాలి వీచిన ఏడు అది, అందుకే ఓడారని అంటే కాదనను. కాని ఆ గాలిలో రాష్ట్రంలో ఎంతోమంది పెద్ద తేడాలతో ఓడితే, ఇక్కడి తేడాలు చిన్నవిగానే ఉన్నాయి. మెట్ట పూర్తిగా వంగిందని ఇప్పుడు కూడా అనలేము.

డబ్బు సంగతి వదిలేశావేమని అడుగుతారు. వదలలేదు. శాసనసభ అభ్యర్థి ఖర్చుకు చట్టం 40 లక్షల పరిమితి పెట్టింది. ఆ అంకె చెబితే ఊళ్లో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. అయితే డబ్బు చేసే పని మన కథకులు రాసే పని కాదు. ఇద్దరూ ఇచ్చినప్పుడు నోటు గెలిపించదు. అది పోటీలోకి రానిచ్చే ప్రవేశ రుసుం మాత్రమే. ఓటరు రెండు వైపులా తీసుకుని తన ఇష్టం వచ్చినట్లు వేస్తాడు. ఇందులో నీతి లేదని రచయిత బాధపడవచ్చు గాని, మోసపోయింది ఓటరని మాత్రం రాయకూడదు. డబ్బు చేసే అసలు హాని పోలింగుకు ఎన్నో నెలల ముందే, అభ్యర్థుల ఎంపికలోనే జరిగిపోతుంది. కూలిసంఘం నాయకుడు, పల్లెలో వైద్యం చేసే మనిషి, మాదిగవాడలో చదువుకున్న పిల్ల ఆ గడప తొక్కకుండానే ఆగిపోతారు. బయటికి కనిపించే మోసం కంటే కనిపించని ఈ గైర్హాజరే పెద్ద కథావస్తువు.

నీళ్ల వాగ్దానం గురించి ఒక్క మాట. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది, 2004లో పనులకు మళ్లీ కొబ్బరికాయ కొట్టారు. 2024 ఎన్నికల సభల్లో కూడా ఉదయగిరి మెట్టకు అది వాగ్దానంగానే వినిపించింది. సోమశిల హైలెవల్ కాలువ సంగతీ అంతే. ఒక తరం పుట్టి, పెరిగి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కన్నంత కాలం ఒకే వాగ్దానం నిలిచింది. ఊళ్లో జనం దీన్ని నమ్మి ఓటేస్తారని అనుకునేవాడికి ఊరు తెలియదు. ఆ మాట చెప్పకుండా ఊళ్లోకి రాకూడదు గనుక అభ్యర్థి చెబుతాడు. వినకుండా పంపితే మర్యాద కాదు గనుక వాళ్లు వింటారు.

ఇక రచయితల సొంత అనుభవానికి వస్తాను. 1955 ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలు అభ్యుదయ సాహిత్య చరిత్రలో ఒక గాయం. శ్రీశ్రీతో సహా ఎందరో కవులు కమ్యూనిస్టుల పక్షాన ఊరూరా తిరిగారు. సభలు కిటకిటలాడాయి. తీరా ఫలితాల్లో 1952లో ఆంధ్ర జిల్లాల్లో 41 స్థానాలున్న పార్టీకి 196లో 15 మిగిలాయి. వచ్చిన ఓట్లు మాత్రం నూటికి ముప్ఫై ఒకటి! ప్రత్యర్థులందరూ ఒక్కటైతే ముప్ఫై ఒక శాతం ఎంత తక్కువో మన ఎన్నికల పద్ధతి అప్పుడు చూపించింది. ప్రజలు తిరస్కరించారని కొందరు రచయితలు కుంగిపోయారు. నూటికి ముప్ఫై ఒకరు ఓటేస్తే అది తిరస్కారం ఎలా అవుతుంది? సభకు వచ్చిన జనాన్ని బూత్ లెక్కలోకి అనువదించుకోలేకపోవడం పార్టీ ఇబ్బంది. ఓటమిని ప్రజల అజ్ఞానంగా చదవడం మాత్రం రచయితల ఇబ్బంది. నేను మొదట చెప్పిన కథాచట్రానికి మూలం కొంత ఆ నిరాశలోనే ఉందని నాకు అనుమానం. ముళ్లపూడి వెంకటరమణ ‘రాజకీయ బేతాళ పంచవింశతి’ లాంటి వ్యంగ్యం నాయకుణ్ణి ఎండగట్టినంత బాగా, ఓటరును అర్థం చేసుకునే పని మన వాస్తవికవాద కథ చేయలేదు. ఆశ్చర్యమేమిటంటే, ఎన్నిక ప్రసక్తి లేకుండానే గెలుపు కిటుకు చూపించిన కథ మనకుంది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో అప్పు తగవు తీర్చే ఆ పెద్దమనిషి ఊరి మీద సంపాదించిన నైతిక పెత్తనాన్ని గమనించండి. ఓట్లు పుట్టేది అక్కడ.

దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం ఈ మెట్టలోనే ఉంది. ఉదయగిరి నియోజకవర్గంలో కలిగిరి మండలం దూబగుంట. 1990 తర్వాత జిల్లాలో జరిగిన అక్షరాస్యతా ఉద్యమంలో, కొత్తగా అక్షరాలు నేర్చిన ఆడవాళ్ల కోసం తయారైన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు వల్ల కాపురం కూలిపోయిన ఆడదాని కథ. దాన్ని రాసినవాళ్లు గొప్ప కథకులమని చెప్పుకోలేదు. దాన్ని ఏ విమర్శకుడూ సమీక్షించలేదు. చదివిన ఆడవాళ్లు మాత్రం ఇది మా కథే కదా అన్నారు. దూబగుంటలో సారా అంగడి మూయించారు. ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పేరుతో ఆ సంగతే ఇంకో పాఠమై మిగతా ఊళ్లకు పోయింది. 1992లో అది జిల్లా ఉద్యమం. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్య నిషేధం ప్రధాన వాగ్దానమై ప్రభుత్వాన్ని మార్చడంలో పాలుపంచుకుంది. 1995 జనవరిలో నిషేధం అమలైంది, 1997లో సడలిపోయింది. రెండు పేజీల పాఠం ఒక రాష్ట్ర ఎన్నికల ఎజెండాను తయారుచేసిన సందర్భం మన సాహిత్య చరిత్రలో మరొకటి నాకు తెలియదు.

కాని ఎజెండా గెలవడం వేరు, సీటు గెలవడం వేరు. ఉద్యమానికి ముఖమైన దూబగుంట రోశమ్మ 2016లో కన్నుమూశారు. ఆమె శాసనసభకు పోలేదు. 1992 తర్వాత ఇటు ఉదయగిరి నుంచి గాని, అటు ఆత్మకూరు నుంచి గాని అసెంబ్లీకి వెళ్లినవాళ్లంతా మగవాళ్లే. పార్టీలు మారాయి, గుర్తులు మారాయి, ఇంటిపేర్లు కూడా అప్పుడప్పుడు మారాయి. సారా పాటలు ఆపించిన చేతులకు బి-ఫారం అందలేదు. గెలుపులోని కష్టాల్లో అన్నింటికన్నా ముందు నిలబడవలసింది ఇదేనని నేననుకుంటాను. ఈ మెట్ట ఆడవాళ్లకు పరపతి ఉంది, నోరుంది, ఊరు వాళ్ల మాట విన్నది. అభ్యర్థిత్వానికి కావలసిన నాలుగోది, డబ్బు, లేదు.

చివరగా కథకులు పట్టించుకోని ఒక సాంకేతిక విషయం. కాగితం బ్యాలెట్ల రోజుల్లో చాలాచోట్ల అనేక బూత్‌ల ఓట్లను కలగలిపి లెక్కపెట్టేవారు. ఏ ఊరు ఎటు వేసిందో గెలిచినవాడికి కచ్చితంగా తెలిసేది కాదు. 2004 నుంచి అంతటా యంత్రాలు వచ్చాక బూత్‌వారీ లెక్క బయటపడుతోంది. యంత్రాల ఓట్లను కూడా కలిపి చూపే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. అది అమలుకు రాలేదు. మనిషి ఓటు ఇప్పటికీ రహస్యమే. వాడ ఓటు రహస్యం కాదు. ఫలానా వాడలో మనకు పదకొండే పడ్డాయని ఓడినవాడికీ, గెలిచినవాడికీ తెలుసు. ఆ తర్వాత ఆ వాడకు బోరు పడుతుందా, రోడ్డు వస్తుందా, ఉపాధి పని దొరుకుతుందా? ఆ పదకొండు మంది ఎవరో వాడలో వాళ్లే ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారా? పోలింగు రాత్రి దగ్గర మన కథలు ఆగిపోతాయి. లెక్కింపు మర్నాడు ఏజెంటు ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆ వాడ మీదుగా నడిచి వెళతాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్లు అతని మొహంలోకి చూస్తారు, అతను వాళ్ల మొహాల్లోకి చూస్తాడు. ఎవరూ ఏమీ మాట్లాడరు.